లెక్సింగ్టన్‌కు కాపురం మార్చడం ఎలా: ఇల్లు వెతకడం నుంచి మొదటి ఏడాది దాకా

మసాచుసెట్స్‌లో బోస్టన్‌కు వాయవ్యంగా ఉన్న లెక్సింగ్టన్ పట్టణానికి మారాలనుకునే మన కుటుంబాలు ఏడాది పొడుగునా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "బడులు బాగుంటాయట కదా, ఇల్లు కొనేయమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక తగ్గింది కాబట్టి, చేయవలసిన పనులను చేయవలసిన వరుసలో ఇక్కడ పెడుతున్నాను. 2020 జనగణన ప్రకారం 34,454 మంది ఉన్న ఈ ఊరు సంపన్నమైనది, పాతది, నిబంధనలు ఎక్కువగా ఉన్నది. ఈ మూడింటికీ విడివిడిగా ఖర్చు ఉంటుంది. ఇంట్లో వంటగది నచ్చకపోతే తర్వాత మార్పించుకోవచ్చు గానీ హైవే చప్పుడును మార్పించుకోలేరు కాబట్టి, ఇంటికన్నా ముందు వీధిని చూడమన్నదే నా సలహా.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- రెండేళ్ల డబ్ల్యూ-2 పత్రాలు (ఏడాది జీతం, పన్ను కోత చూపిస్తూ యజమాని ఇచ్చేవి), ఇటీవలి జీతం రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొనదలచుకుంటే ఇంత అప్పు ఇవ్వగలమని బ్యాంకు ఇచ్చే ప్రీ-అప్రూవల్ లేఖ, వీసా పత్రాలు.
- పిల్లల జనన ధృవపత్రాలు, పాత బడి రికార్డులు, తేదీలతో సహా టీకాల వివరాలు. ఇండియాలో వేయించిన టీకాల పుస్తకం ఉంటే దాన్ని ఇక్కడి పిల్లల డాక్టరుకు ముందే చూపించి, ఇక్కడి ఫారంలో రాయించుకోండి. కిండర్‌గార్టెన్‌లో చేరే పిల్లలకు ఈ రాష్ట్రం ఆటలమ్మ టీకా రెండు డోసులు అడుగుతుంది. మనవాళ్ల పుస్తకాల్లో తరచుగా లేకపోయేది అదే. బీసీజీ ఉందని చూపిస్తే ఏమీ కలిసిరాదు.
- రియల్ ఎస్టేట్ వ్యవహారాలు చూసే ఒక లాయరు, ఒక ఇంటి ఇన్‌స్పెక్టరు. ఇల్లు నచ్చాక వెతుక్కుంటే సమయం చాలదు.

1. పన్నుతో సహా లెక్క వేయండి

ఇంటి ధరకు వచ్చే నెల కిస్తీని మాత్రమే చూసుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. ఆస్తి పన్నును వెయ్యి డాలర్ల విలువకు ఇంత అని కడతారు. రేటు ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏటి రేటును టౌన్ అసెసర్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే అధికారి) పేజీలో చూడండి. ఉదాహరణకు రేటు 12 డాలర్లు అనుకుంటే, 15 లక్షల డాలర్ల విలువ కట్టిన ఇంటికి ఏడాదికి 18,000 డాలర్లు, అంటే నెలకు 1,500. దీనిపైన కమ్యూనిటీ ప్రిజర్వేషన్ చట్టం కింద 3 శాతం సర్‌చార్జీ కూడా ఉంటుంది. చారిత్రక కట్టడాలకు, ఖాళీ భూముల రక్షణకు, అందుబాటు ధర ఇళ్లకు వెళ్లే సొమ్ము అది.

"ప్రపోజిషన్ రెండున్నర ఉంది కదా, పన్ను ఏటా రెండున్నర శాతమే పెరుగుతుంది కదా" అని చాలామంది ధీమాగా ఉంటారు. 1980లో వచ్చిన ఆ చట్టం కట్టడి చేసేది ఊరు మొత్తం మీద వసూలు చేసే పన్నునే తప్ప మీ ఇంటి బిల్లును కాదు. ఊరి మిగతా ఇళ్లకన్నా మీ ఇంటి విలువ ఎక్కువగా పెరిగితే మీ బిల్లు అంతకు మించి పెరుగుతుంది. పెద్ద భవనాల అప్పు కోసం ఓటర్లు మినహాయింపు ఆమోదిస్తే అది ఆ పరిమితికి బయటే ఉంటుంది.

హెచ్చరిక: పాత ఇల్లు పడగొట్టి కట్టిన కొత్త ఇంటిని కొంటున్నట్టయితే, అమ్మకం ప్రకటనలో కనిపించే పన్ను పడగొట్టిన ఆ చిన్న ఇంటిది అయి ఉండవచ్చు. దాన్ని నమ్ముకుని బ్యాంకు ఎస్క్రో (పన్ను కోసం కిస్తీతో పాటు నెలనెలా తీసి ఉంచే సొమ్ము) లెక్క వేస్తే, ఏడాది తిరిగేసరికి నెల కిస్తీ ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. మీరు కొన్న ధరనే పన్ను విలువగా అనుకుని లెక్క వేసుకోండి.

కారుకు వేరే పన్ను ఉంది. ఎక్సైజ్ పేరుతో వెయ్యికి 25 డాలర్లు, అది కూడా మీరు కొన్న ధర మీద కాక తయారీదారు ప్రకటించిన ధర మీద వేస్తారు. మోడల్ సంవత్సరంలో ఆ ధరలో 90 శాతం, మరుసటి ఏడు 60, ఆ తర్వాత 40, 25, చివరికి 10 శాతం లెక్కలోకి వస్తుంది. 40,000 డాలర్ల కొత్త కారుకు మొదటి ఏడు 900 డాలర్లు.

2. వీలైతే ఒక ఏడాది అద్దెకు ఉండండి

అద్దె ఇళ్లు తక్కువ, ఉన్నవాటికి ఖరీదు ఎక్కువ. అయినా ఒక చలికాలం గడిపి చూసినవాళ్లు కొనుగోలులో పొరబాట్లు తక్కువ చేస్తారని నా అనుభవం. అద్దెకు దిగేటప్పుడు ఈ రాష్ట్రంలో ఇంటి యజమాని అడగగలిగినవి నాలుగే: మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల అద్దెకు మించని సెక్యూరిటీ డిపాజిట్, తాళం మార్పించే ఖర్చు. 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకరు ఫీజును ఆ బ్రోకరును పెట్టుకున్నవారే భరించాలి. యజమాని పెట్టుకున్న బ్రోకరుకు మీరు డబ్బు ఇవ్వనక్కర లేదు.

డిపాజిట్ తీసుకున్న యజమాని దాన్ని వడ్డీ వచ్చే విడి ఖాతాలో వేసి, 30 రోజుల్లో ఆ బ్యాంకు వివరాలతో రశీదు ఇవ్వాలి. ఇంటి స్థితిని రాసిన కాగితం కూడా ఇస్తారు; మీ అభ్యంతరాలు రాసి తిరిగి ఇవ్వడానికి మీకు 15 రోజులు ఉంటాయి. ఆ కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టి ఇచ్చేవాళ్లే ఎక్కువ. గదికి పది చొప్పున ఫొటోలు తీసి, నేల మీద గీత ఉంటే గీత అనీ, కిటికీ మూయడం లేదంటే మూయడం లేదనీ రాయండి. ఖాళీ చేసే రోజున డిపాజిట్ వెనక్కి రావడం ఆ కాగితం మీదే ఆధారపడుతుంది.

3. ఇంటికన్నా ముందు వీధిని చూడండి

ఇళ్లను చూపించేది ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నం. నేను కూడా మొదటి ఇంటిని అలాగే చూసి, పెరట్లో నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను. సోమవారం ఉదయం ఏడున్నరకు అదే పెరట్లో నిలబడితే, చెట్ల వెనక రూట్ 2 మీద వాహనాల హోరు తెరలు తెరలుగా వచ్చింది. ఊరికి ఒకవైపు రూట్ 2, మధ్యగా రూట్ 128గా పిలిచే ఐ-95 ఉన్నాయి. పడమటి వైపు హాన్స్‌కమ్ విమానాశ్రయం ఉంది. చిన్న విమానాలు, ప్రైవేటు జెట్లు అక్కడి నుంచి ఎగురుతాయి. కాబట్టి నచ్చిన వీధికి మూడుసార్లు వెళ్లండి: పని రోజు ఉదయం, రాత్రి పది తర్వాత, వాన పడిన మర్నాడు. మూడోది ఎందుకంటే, నీరు ఎవరి వాకిట్లోంచి ఎవరి వాకిట్లోకి పోతోందో అప్పుడే కనిపిస్తుంది.

ఆఫీసు ప్రయాణాన్ని కూడా ఆ ఉదయమే చేసి చూడండి. ఈ ఊళ్లో రైలు స్టేషన్ లేదు. ప్రయాణికుల రైలు 1977లో ఆగిపోయింది, ఆ పట్టాల దారే ఇప్పుడు సుమారు పది మైళ్ల మినిట్‌మన్ సైకిల్ బాట. బోస్టన్ మెట్రో రెడ్ లైన్ చివరి స్టేషన్ ఏల్‌వైఫ్‌కు 62, 76 నంబరు ఎంబీటీఏ (బోస్టన్ ప్రాంత రవాణా సంస్థ) బస్సులు వెళ్తాయి. అవి ఎప్పుడో గానీ రావు కాబట్టి, కారు లేకుండా గడుపుదామనుకునేవారు బస్సు వేళల పట్టిక చూశాకే ఇల్లు ఎంచుకోవాలి. మంచు లేని నెలల్లో సైకిల్ మీద ఏల్‌వైఫ్ చేరి రైలెక్కడం చాలామందికి బస్సుకన్నా నమ్మకమైన దారి.

4. బడి ఏదో చిరునామాతో తేల్చుకోండి

ఊళ్లో ఆరు ప్రాథమిక పాఠశాలలు (బోమన్, బ్రిడ్జ్, ఎస్టాబ్రుక్, ఫిస్క్, హారింగ్టన్, హేస్టింగ్స్), రెండు మిడిల్ స్కూళ్లు (క్లార్క్, డైమండ్), ఒకే హైస్కూలు ఉన్నాయి. అమ్మకం ప్రకటనలో రాసిన బడి పేరును నమ్మకండి. ఇంటి నంబరు ఇచ్చి స్కూల్ డిపార్ట్‌మెంట్‌కు ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వీధికి అటువైపు ఒక బడి, ఇటువైపు ఇంకో బడి కావచ్చు. చేరికకు నివాస రుజువు కావాలి. అద్దె ఒప్పందంలో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉండేలా చూసుకుంటే అప్పుడు పని తేలిక.

ఇంకో మాట. రేటింగుల్లో పదికి తొమ్మిదా, పదా అని తర్జనభర్జన పడటం దండగ. ఈ ఊరి ప్రాథమిక బడుల మధ్య తేడా, మీ పిల్లవాడు బడికి నడిచి వెళ్తాడా, బస్సులో నలభై నిమిషాలు కూర్చుంటాడా అన్న తేడాకన్నా చిన్నది.

5. పాత ఇంటిని తనిఖీ చేయించండి

ఇల్లు పోటీలో పోతుందేమోనన్న భయంతో తనిఖీ వద్దని సంతకం పెట్టడం ఇక్కడ ఏళ్ల తరబడి నడిచిన అలవాటు. 2025 అక్టోబరు 15 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర నిబంధన ప్రకారం, తనిఖీ వదులుకుంటేనే ఒప్పుకుంటామని అమ్మేవారు షరతు పెట్టడానికి వీల్లేదు. కొనేవారు కూడా వదులుకుంటామని ముందే ఆశ చూపకూడదు. కొత్త నిర్మాణాల వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. ఆ హక్కును వాడుకోండి. తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు వెంటే తిరగండి. రిపోర్టులో రాయని సంగతులు నోటితో చెబుతారు.

బేస్‌మెంట్‌తో మొదలు పెట్టండి. నేను చూసిన ఒక ఇంట్లో బేస్‌మెంట్ తళతళలాడుతోంది, మూల ఒక డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) గుయ్‌మంటూ తిరుగుతోంది. ఇన్‌స్పెక్టరు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు. గోడకు కింది రెండడుగులు మాత్రమే కొత్త రంగు. వేలితో నొక్కితే రంగు బుడగలా లోపలికి దిగింది, వెనక తెల్లటి ఉప్పు పొడి రాలింది. పైన మూడు పడగ్గదులను మెచ్చుకుంటూ మేము గడిపిన గంటకన్నా ఆ అర నిమిషం విలువైనది.

తర్వాత చూడవలసినవి:

- కరెంటు వైరింగు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లలో పింగాణీ గుబ్బల మీద నడిచే పాత వైరింగు ఇంకా ఉండవచ్చు. కొన్ని బీమా కంపెనీలు అలాంటి ఇంటికి పాలసీ ఇవ్వవు. అది ఉండగా గోడల్లో ఇన్సులేషన్ నింపనివ్వరు.
- నేలలో పాతిన నూనె ట్యాంకు. ఇప్పుడు గ్యాస్‌తో వేడి చేస్తున్నా, పాత ట్యాంకు పెరట్లో మిగిలి ఉండవచ్చు. గోడ వెంట కత్తిరించిన రాగి గొట్టాలు కనిపిస్తే అడగండి.
- రేడాన్ వాయువు. లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించితే సరిచేయించమని కేంద్ర పర్యావరణ సంస్థ చెబుతుంది. ఫ్యాను, గొట్టం పెట్టిస్తే తగ్గుతుంది కాబట్టి ఇది ఇల్లు వదులుకోవలసిన కారణం కాదు, ధర మాట్లాడవలసిన కారణం.
- సీసం ఉన్న రంగు. ఇల్లు 1978కి ముందు కట్టినదై, మీ ఇంట్లో ఆరేళ్ల లోపు బిడ్డ ఉంటే, సీసం ప్రమాదాన్ని తొలగించే బాధ్యత చట్టం ప్రకారం కొన్నాక మీదే అవుతుంది. అందుకు 90 రోజులు ఇస్తారు. కొనేముందు సీసం పరీక్షకు 10 రోజుల గడువు అడిగే హక్కు మీకు ఉంది. గర్భిణులు, చిన్న పిల్లలు ఉన్నవాళ్లు దీన్ని వదలకండి.

ఇవన్నీ అయ్యాక టౌన్ బిల్డింగ్ శాఖలో ఆ ఇంటి పర్మిట్ల వివరాలు తీసి చూడండి. బేస్‌మెంట్‌లో అందమైన బాత్‌రూమ్ కనిపిస్తూ, రికార్డులో దానికి పర్మిట్ లేకపోతే, రేపు అది మీ తలనొప్పి.

6. ఇల్లు చారిత్రక ప్రాంతంలో ఉందేమో చూడండి

1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున ఈ ఊరి మైదానంలో కెప్టెన్ జాన్ పార్కర్ దళం బ్రిటిష్ సైన్యానికి ఎదురు నిలిచింది. అక్కడ ఎనిమిది మంది స్థానికులు చనిపోయారు. ఆ నేపథ్యం మీ కిటికీ దాకా వస్తుంది. 1956 నాటి ప్రత్యేక చట్టం కింద ఏర్పడిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్స్ కమిషన్ పరిధిలో మీ ఇల్లు ఉంటే, వీధి నుంచి కనిపించే బయటి భాగంలో ఏ మార్పుకైనా ముందుగా అనుమతి పత్రం కావాలి. కిటికీలు, తలుపులు, కంచెలు, సోలార్ పలకలు అన్నీ ఇందులోకి వస్తాయి. ఇంటి లోపల మీ ఇష్టం.

తెలిసినవాళ్లొకరు చలిగాలి తట్టుకోలేక, కాంట్రాక్టరు మాట విని పాత చెక్క కిటికీలు పీకించి వినైల్ కిటికీలు ఆర్డరు ఇచ్చారు. డబ్బు కట్టాక అనుమతి సంగతి తెలిసింది, కాంట్రాక్టరు ఆర్డరు వెనక్కి తీసుకోలేదు. చెక్క కిటికీని బాగు చేయించి, దాని మీద బయట స్టార్మ్ విండో (చలిగాలి ఆపే అదనపు అద్దం కిటికీ) బిగించుకోవడం తరచుగా చౌక, అనుమతి కూడా సులువు.

ఇల్లు ఆ చారిత్రక ప్రాంతం బయట ఉన్నా, పాత ఇంటిని పడగొట్టదలచుకుంటే మరో గడప ఉంది. ఊరి హిస్టారికల్ కమిషన్ జాబితాలో ఆ ఇల్లు ఉంటే కూల్చివేతను కొన్ని నెలలు ఆపగలరు. స్థలం కోసం కొనేవాళ్లు ఆఫరుకు ముందే ఆ జాబితా చూడాలి.

7. సంతకాలు

ఇక్కడ రెండు మెట్లు ఉంటాయి: ముందు ఆఫరు, తర్వాత పర్చేజ్ అండ్ సేల్ (పూర్తి షరతులతో కొనుగోలు) ఒప్పందం. "ఆఫరే కదా" అని తేలిగ్గా సంతకం పెట్టవద్దు, అది కూడా మిమ్మల్ని కట్టివేయగలదు. రెండో ఒప్పందం నాటికి సాధారణంగా ధరలో 5 శాతం డిపాజిట్ కట్టాలి. లోన్ రాకపోతే ఆ సొమ్ము వెనక్కి వచ్చే తేదీ ఎప్పుడో లాయరును అడిగి క్యాలెండరులో రాసుకోండి.

ఇల్లు మీ పేర మారే క్లోజింగ్ రోజునే, సొంత నివాసానికి అప్పులవాళ్ల నుంచి రక్షణ ఇచ్చే హోమ్‌స్టెడ్ డిక్లరేషన్ కూడా రిజిస్ట్రీలో (ఆస్తి పత్రాల కార్యాలయంలో) నమోదు చేయించండి. రాసి నమోదు చేస్తే, చాలా రకాల అప్పులవాళ్ల నుంచి ఇంటికి 10 లక్షల డాలర్ల దాకా రక్షణ ఉంటుంది. చేయకపోతే దానంతట అది వచ్చేది 1,25,000 మాత్రమే. మర్చిపోయినవాళ్లు ఏళ్ల తర్వాతైనా చేయించుకోవచ్చు.

8. మొదటి నెల పనులు

వేరే రాష్ట్రం నుంచి వస్తే డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషను ఆలస్యం చేయకుండా ఇక్కడికి మార్చండి. పాత పరుపును చెత్తతో పాటు రోడ్డు పక్కన పెట్టకండి. 2022 నవంబరు 1 నుంచి ఈ రాష్ట్రంలో పరుపులను, బట్టలను చెత్తలో వేయడం నిషేధం. మేము పెట్టిన పరుపు మూడు వారాలు వానలో నాని, ఎదురింటి ఆవిడ వచ్చి మర్యాదగా చెప్పేదాకా అక్కడే ఉంది. చలికాలంలో రాత్రిపూట కారును వీధిలో వదిలేముందు టౌన్ పార్కింగ్ నిబంధన చూసుకోండి.

పెరడు అడవికి ఆనుకుని ఉంటే, పిల్లలు ఆడి వచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుం పట్టీ దగ్గర చూడండి. జింకల మీద ఉండే పిడుదులు లైమ్ జబ్బును అంటిస్తాయి. నువ్వుగింజంత ఉంటుంది, పుట్టుమచ్చ అనుకుంటాం.

9. ఊరితో కలవండి

ఈ ఊరిని నడిపేది మేయరు కాదు. ఐదుగురి సెలెక్ట్ బోర్డు, తొమ్మిది ప్రిసింక్టుల (ఓటింగు విభాగాల) నుంచి 21 మంది చొప్పున ఎన్నికైన 189 మంది టౌన్ మీటింగ్ సభ్యులు బడ్జెట్టు, నిబంధనలు తేలుస్తారు. మీకు ఓటు లేకపోయినా వెళ్లి కూర్చోవచ్చు. మీ వీధి సభ్యుడికి ఈమెయిల్ రాస్తే చాలాసార్లు ఆ రాత్రే జవాబు వస్తుంది.

పేట్రియట్స్ డే ఏప్రిల్‌లో మూడో సోమవారం. తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో మైదానంలో ఆ పోరాటాన్ని మళ్లీ ఆడి చూపిస్తారు. ముందు వరుస కావాలంటే మూడింటికే వెళ్లాలి, స్వెట్టరు మీద కోటు వేయాలి. తుపాకుల చప్పుడుకు చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు కాబట్టి వాళ్ల చెవులకు మూతలు తీసుకెళ్లండి. మైదానం మామూలు పార్కులా కనిపిస్తుంది గానీ, 1799 నాటి స్మారక స్తంభం దగ్గర ఆ రోజు చనిపోయినవారి అస్థికలు ఉన్నాయి. పుట్టినరోజు బెలూన్లకు, క్రికెట్టుకు వేరే చోటు చూసుకోండి.

అన్నీ సరిగ్గా జరిగాయో లేదో ఎలా చూడాలి

- క్లోజింగ్ అయిన రెండు నెలలకు రిజిస్ట్రీ వెబ్‌సైటులో మీ పేరుతో వెతకండి. డీడ్ (ఇంటి హక్కు పత్రం), హోమ్‌స్టెడ్ రెండూ కనిపించాలి.
- ఆగస్టు 1, నవంబరు 1, ఫిబ్రవరి 1, మే 1 గడువులతో వచ్చే పన్ను బిల్లుల్లో మొదటి రెండూ అంచనాలే. డిసెంబరు చివర వచ్చే మూడోది అసలు బిల్లు. అందులో గదుల సంఖ్య, విస్తీర్ణం అసెసర్ కార్డుతో పోల్చండి. తప్పుంటే ఆ బిల్లు గడువు తేదీలోపే తగ్గింపు దరఖాస్తు ఇవ్వాలి. ఒక్కరోజు దాటినా తీసుకోరు. దరఖాస్తు తేలేదాకా పన్ను కడుతూనే ఉండాలి.
- మొదటి పెద్ద వాన రాత్రి బేస్‌మెంట్‌లోకి దిగి, సంప్ పంపు (చేరిన నీటిని బయటికి తోడేది) గుంటలో బకెట్ నీళ్లు పోసి చూడండి. పంపు దానంతట అది తిరగాలి.
- జనవరిలో టౌన్ క్లర్క్ నుంచి వార్షిక జనాభా పత్రం వస్తుంది. పౌరులు కాకపోయినా పూర్తి చేసి పంపండి. ఆ పత్రంలో మీ ఇంట్లో పెద్దలందరి పేర్లూ సరైన అక్షరాలతో ఉంటే, ఊరి రికార్డులోకి మీరు చేరినట్టే. పాత యజమాని పేరు ఇంకా కనిపిస్తే దాన్ని కొట్టేసి పక్కన మీ పేరు రాయండి.